వినడానికి అయ్యే వ్యయం
(తీగలు లేని పరికరాలు – మేలుకొలుపు సంకేతాలు)

విద్యుచ్ఛక్తిని పొదుపు చేయడం అనగానే గదిలో అనవసరంగా వెలుగుతున్న దీపాన్ని ఆర్పడం, తిరుగుతున్న పంకాను ఆపడం మన మనస్సులో మెదులుతాయి. పని చేసే వస్తువు శక్తిని వ్యయం చేస్తుందనీ, ఊరక ఉన్న వస్తువు వ్యయం చేయదనీ మనం సహజంగా భావిస్తాము. తీగలు లేకుండా వార్తలను అందుకొనే పరికరాల విషయంలో ఈ భావన చెల్లదు. రోజుకు ఒకటి రెండు మాటలు మాత్రమే పలికే పరికరం సైతం, ఆ మాటలు పలకడానికంటె తనను ఎవరైనా పిలుస్తారేమోనని రాత్రింబగళ్లు చెవి ఒగ్గి ఉండడానికే తన బ్యాటరీలో అధిక భాగాన్ని ఖర్చు చేసుకొంటుంది. మోగకుండా బల్లపై పడియున్న ఫోనులో కూడా చార్జింగు తగ్గిపోవడానికి గల కారణాలలో ఇది ఒకటి.

చేతి ఫోనుకైతే ప్రతి రాత్రి చార్జింగు పెట్టుకొనవచ్చును. నేలలో పాతిన నీటి మీటరుకు, వంతెన కమానుకు బిగించి పగుళ్లను కొలిచే పరికరానికి, రోగి రొమ్ముపై చర్మం కింద అమర్చిన పేస్‌మేకరుకు ఆ సదుపాయం లేదు. బ్యాటరీ ఎన్నేళ్లు ఉంటే అవి అన్నేళ్లు పని చేస్తాయి. పేస్‌మేకరులో బ్యాటరీ అయిపోయినదంటే రోగి మరల శస్త్రచికిత్స బల్లపై పడుకొనవలసి ఉన్నది. కాబట్టి ఈ సమస్య కేవలం ఇంజనీర్ల లెక్కలకు సంబంధించినది కాదు. పిలిచినప్పుడు తప్పక పలుకవలెను, పిలువనప్పుడు నిద్రపోవలెను. పరస్పర విరుద్ధములైన ఈ రెండు కోరికలను ఒక్క పరికరంలో ఎట్లు ఇముడ్చుచున్నారో విద్యార్థి మిత్రులకు సులభశైలిలో తెలుపుటయే ఈ వ్యాసంలో మా ఉద్దేశం.

1. వినడం ఎందుకు ఖరీదైనది?

మాట్లాడడం కష్టమైన పని, వినడం సులభమైన పని అని లోకంలో అనుకొంటారు. రేడియో విషయంలో దూరప్రాంతాలకు ప్రసారం చేసే పెద్ద కేంద్రాలకు ఇది నిజమే. కాని పది, ఇరవై గజాల దూరంలో మాటలాడుకొనే చిన్న పరికరాలలో పరిస్థితి తారుమారవుతుంది.

గ్రాహకం అందుకొనే తరంగం అతి క్షీణమైనది. దానిని ముందుగా వర్ధకం బలపరచవలెను. తరువాత పరికరంలోనే ఉన్న ఒక డోలకం, సెకనుకు వందల కోట్ల కంపనాలతో నిరంతరం డోలనం చేస్తూ, వచ్చిన తరంగాన్ని తక్కువ పౌనఃపున్యానికి దించవలెను. ఆపైన దానిని అంకెలుగా మార్చి, గోల నుండి వార్తను వేరు చేయవలెను. వార్త వచ్చినను రాకపోయినను, గ్రాహకం తెరచి ఉన్నంతసేపు ఈ యంత్రాంగమంతా నడుస్తూనే ఉండవలెను. అంగడిలో బేరం లేకపోయినా దీపాలకు, గుమాస్తా జీతానికి ఖర్చు తప్పనట్లే ఇది కూడా.

ఉదాహరణకు, సెన్సర్ పరికరాలలో విరివిగా వాడబడిన సీసీ 2420 అనే రేడియో చిప్‌ను తీసికొందాము. దాని తయారీదారులు ఇచ్చిన వివరాల ప్రకారం, ఒక మిల్లీవాట్ సామర్థ్యంతో ప్రసారం చేసేటప్పుడు అది 17.4 మిల్లీ ఆంపియర్లను తీసికొంటుంది. వినేటప్పుడు 18.8 మిల్లీ ఆంపియర్లను తీసికొంటుంది. అనగా పలకడానికంటె వినడానికే ఎక్కువ!

ఇప్పుడు ఒక చిన్న లెక్క చేద్దాము. నాణెం ఆకారంలో దొరికే సీఆర్ 2032 అనే లిథియం ఘటం 3 వోల్టుల వద్ద సుమారు 225 మిల్లీ ఆంపియర్ గంటలు ఇవ్వగలదు. దీనిని శక్తిగా మార్చి చెప్పితే 2,430 జౌల్‌లు. పై గ్రాహకం వినికిడికి వాడే సామర్థ్యం 56.4 మిల్లీవాట్లు. భాగిస్తే వచ్చేది సుమారు 43,000 సెకనులు, అనగా 12 గంటలు. ఉదయం అమర్చిన బ్యాటరీ, ఒక్క వార్త కూడా రాకుండానే, సాయంత్రానికి నిండుకొంటుంది. నిజానికి ఇంత ప్రవాహాన్ని ఎడతెగక ఇవ్వడం ఆ చిన్న ఘటానికి శక్తికి మించిన పని; కనుక ఆచరణలో ఆయువు ఇంకను తక్కువే.

2. విడతల నిద్ర

ఇందుకు మొట్టమొదట తోచే ఉపాయం, పరికరాన్ని నిద్రపుచ్చి మధ్యమధ్య లేపడం. సెకనుకు ఒక్కసారి మేల్కొని, అందులో నూరవ వంతు, అనగా 10 మిల్లీసెకనులు మాత్రమే విని, మరల నిద్రపోతే సగటు ఖర్చు 0.564 మిల్లీవాట్లకు దిగుతుంది. నిద్రలో అయ్యే స్వల్ప వ్యయాన్ని లెక్కింపక చూస్తే, 12 గంటల బ్యాటరీ 50 రోజులు వస్తుంది. పది సెకనులకు ఒక్కసారి మేల్కొంటే 500 రోజులు వస్తుంది.

అయితే ఈ లాభం ఉచితంగా రాలేదు. పిలిచేవానికి అవతలివాడు ఎప్పుడు మేల్కొంటాడో తెలియదు. అందువలన అతడు పిలుపును పూర్తిగా పది సెకనుల పాటు సాగదీయవలెను. కుంభకర్ణుని లేపడానికి రాక్షసులు భేరీలు మోగించినట్లు, నిద్రించే పరికరం ఎంత సుఖంగా నిద్రిస్తే, లేపేవానికి అంత శ్రమ. పిలిచేది గోడకున్న కరెంటుతో నడిచే పరికరమైతే ఈ శ్రమ పెద్ద విషయం కాదు. అది కూడా బ్యాటరీతో నడిచేదైతే, ఒకరి పొదుపు మరొకరి దుబారా అవుతుంది. పైగా వార్త పది సెకనులు ఆలస్యం కావచ్చును. నీటి మీటరుకు పది సెకనులు ఒక లెక్క కాదు. మంటలను పసిగట్టి గంట మోగించే పరికరానికి పది సెకనులు చాలా ఎక్కువ.

కనుక ఆయువు, ఆలస్యం అనేవి తక్కెడలోని రెండు సిబ్బెల వంటివి. ఒకటి లేచిన రెండవది దిగుతుంది. ఈ తక్కెడనే మార్చివేయడం సాధ్యమా అన్నదే తరువాతి శాస్త్రజ్ఞులు వేసికొన్న ప్రశ్న.

3. పేజరు నేర్పిన పాఠం

ఈ దారిలో తొలుత చక్కని నేర్పు చూపినది పేజరు. మన దేశంలో పేజరు సేవలు 1995లో ప్రారంభమై, మొబైల్ ఫోన్ల వ్యాప్తితో కొద్ది సంవత్సరాలలోనే కనుమరుగైనవి. ఆ పరికరం పోయినను, అందులోని బుద్ధికుశలత ఇప్పటి పరికరాలలో కొనసాగుతూనే ఉన్నది.

పేజర్లలో ప్రసిద్ధి పొందిన పాక్‌శాగ్ అనే సంకేత విధానాన్ని బ్రిటిష్ పోస్టాఫీసు ఏర్పాటు చేసిన సలహా సంఘం రూపొందించినది. 1982లో దానికి అంతర్జాతీయ ఆమోదం లభించినది. దాని నిర్మాణం తెలిసికొనదగినది. ప్రసారం మొదట నాంది వలె 576 బిట్లు వస్తాయి. ఒకటి, సున్న, ఒకటి, సున్న అని మార్చి మార్చి పలకడం తప్ప అందులో వార్త ఏమియు లేదు. సెకనుకు 512 బిట్ల వేగంతో ఇది 1.125 సెకనులు పడుతుంది. నిద్రించే పేజరు సెకనుకు ఒకసారి క్షణకాలం చెవి తెరిస్తే చాలు. ఈ నాంది దానికి తప్పక వినబడుతుంది. వినబడకపోతే ప్రసారం లేదని గ్రహించి మరల నిద్రపోతుంది.

నాంది తరువాత వార్తలు కట్టలు కట్టలుగా వస్తాయి. ఒక్కొక్క కట్టలో ముందుగా కాలాన్ని సరిచూసుకొనే పదం ఒకటి, తరువాత ఎనిమిది గదులు, గదికి రెండేసి పదాలు, మొత్తం పదునేడు పదాలు ఉంటాయి. ప్రతి పదంలో 32 బిట్లు. ప్రతి పేజరు సంఖ్యలోని చివరి మూడు బిట్లను బట్టి దానికి ఏ గది చెందినదో ముందే నిర్ణయమై ఉంటుంది. కాబట్టి ప్రతి పేజరు కాలసూచక పదాన్ని, తన గదిలోని రెండు పదాలను మాత్రమే విని, తక్కిన పదునాలుగు పదాల కాలం కన్ను మూసుకొనవచ్చును. ప్రసారం జోరుగా సాగుతున్న వేళ కూడా పదునేడింట మూడు వంతుల కాలమే దానికి మేలుకొలుపు.

దీనివలన మనకు తెలిసే విషయం ఒకటి ఉన్నది. పొదుపు ఒక్క వినేవాని చేతిలో లేదు. పిలిచేవాడు, వినేవాడు ఎప్పుడు, ఏ పేరుతో పిలుపు జరుగవలెనో ముందే ఒప్పందం చేసికొన్నప్పుడే ఇద్దరికీ శ్రమ తగ్గుతుంది. శక్తిని పొదుపు చేసినది మంచి బ్యాటరీ కాదు, మంచి ఒప్పందం.

4. కావలి గ్రాహకం

విద్యార్థుల వసతిగృహాన్ని ఒకదానిని ఊహించుకొందాము. నూరుమంది విద్యార్థులున్నారు, కింద ఒక్కటే టెలిఫోను ఉన్నది. తనకు ఫోను రావచ్చునని ప్రతి విద్యార్థి రాత్రంతా మెట్ల వద్ద కూర్చుంటే చదువు సాగదు, ఆరోగ్యం నిలువదు. ఒక్కొక్కరు గంటకొకసారి లేచి దిగివచ్చి చూసి వెళ్లడం విడతల నిద్ర వంటిది. అన్నిటికంటె తెలివైన ఏర్పాటు, ఒక కావలివానిని ఫోను వద్ద కూర్చుండబెట్టడం. అతడు వార్తలోని విషయం తెలిసికొననవసరం లేదు. గది సంఖ్య విని, ఆ గది తలుపు తట్టితే చాలు.

పరికరంలో కూడా ఇట్లే ప్రధాన గ్రాహకానికి తోడుగా, అతి స్వల్పశక్తితో నడిచే మరొక చిన్న గ్రాహకాన్ని అమర్చుతారు. దీనిని మనం కావలి గ్రాహకం అందాము. ప్రధాన గ్రాహకం పూర్తిగా నిద్రిస్తుంది. కావలి గ్రాహకం మాత్రం ఒకే ఒక సంకేతం కోసం కాచుకొని ఉండి, అది వినబడిన వెంటనే ప్రధాన గ్రాహకానికి విద్యుత్తును వదలుతుంది. ఆ సంకేతమే మేలుకొలుపు సంకేతం.

ఈ భావానికి మూలాలు రేడియో పుట్టుకలోనే ఉన్నవి. 1895లో కలకత్తాలో జగదీశ్ చంద్ర బోస్ విద్యుదయస్కాంత తరంగాలను గోడల అవతలికి పంపి, దూరాన ఉన్న గంటను మోగించి, తుపాకి మందును పేల్చి చూపినారు. వచ్చిన తరంగంలో గంటను కొట్టగల బలం లేదు. ఆ క్షీణతరంగం ఒక సున్నితమైన స్పర్శను మాత్రం మార్చినది. దానివలన వలయం పూర్తియై, అక్కడే ఉన్న బ్యాటరీ గంటను మోగించినది. బలహీనమైన పిలుపు బలవంతుడైన సేవకుని లేపడమే ఇందులోని సూత్రం.

కావలి గ్రాహకం తక్కువ శక్తితో నడవడానికి కారణం, అది చాలా పనులను మానుకొనడమే. సెకనుకు వందల కోట్ల కంపనాలు చేసే ఖచ్చితమైన డోలకం దానిలో ఉండదు, లేదా ఖచ్చితత్వం లేని చౌక డోలకం ఉంటుంది. తరంగం బలంగా ఉన్నదా, లేదా అన్నంత మట్టుకు ఒక డయోడ్ వంటి సాధనంతో కనిపెడుతుంది. అందువలన పిలిచేవాడు కూడా సంకేతాన్ని అదే తీరులో పంపవలెను. తరంగం ఉంటే ఒకటి, లేకపోతే సున్న. దీపాన్ని వెలిగించి ఆర్పుతూ సైగ చేయడం వంటిది. పూర్వం బ్యాటరీ లేకుండానే పాటలు వినిపించిన స్ఫటిక రేడియో కూడా ఇట్లు తరంగబలంలోని హెచ్చుతగ్గులను పట్టుకొనే పనిచేసేది.

మన నాణెపు ఘటాన్ని తిరిగి లెక్కలోనికి తెద్దాము. కావలి గ్రాహకం ఒక మిల్లీవాట్ తింటే ఘటం 28 రోజులు మాత్రమే వస్తుంది. 100 మైక్రోవాట్లయితే తొమ్మిది నెలలు, 10 మైక్రోవాట్లయితే ఏడున్నర సంవత్సరాలకు పైగా వస్తుంది. ఇందులో గమనింపవలసినది, పది మైక్రోవాట్ల కావలి వాడు ఏ క్షణంలోనూ నిద్రపోడు. పిలుపు ఎప్పుడు వచ్చినను వెంటనే పలుకుతాడు. విడతల నిద్రలో ఆయువుకూ ఆలస్యానికీ ఉన్న వైరం ఇక్కడ చాల మట్టుకు సమసిపోతుంది.

5. చెవి మందమైతే కలిగే నష్టం

ఇంత మేలు జరిగినప్పుడు దానికి మూల్యం ఎక్కడో చెల్లింపక తప్పదు. చౌక కావలివాని చెవి మందం. 2008లో అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయ పరిశోధకులు 52 మైక్రోవాట్లతో నడిచే కావలి గ్రాహకాన్ని ప్రకటించినారు. అది ఆ కాలానికి ఘనమైన విజయం. అయినను, మనం పైన చెప్పుకొన్న ప్రధాన గ్రాహకం వినగల క్షీణసంకేతానికి సుమారు 200 రెట్లు బలమైన సంకేతం ఉంటే తప్ప అది వినలేదు. అడ్డంకులు లేని ఆరుబయట తరంగబలం దూరం వర్గానికి విలోమానుపాతంలో తగ్గుతుంది. 200కు వర్గమూలం సుమారు 14. అనగా తక్కినవన్నియు సమానమని అనుకొంటే, ప్రధాన గ్రాహకం 100 మీటర్ల నుండి వినగల ప్రసారిణిని ఇట్టి కావలి గ్రాహకం 7 మీటర్ల నుండి మాత్రమే వినగలదు.

ఈ లోటును పూరించడానికి మార్గాలు రెండు. పిలిచేవాడు బిగ్గరగా పిలువవచ్చును. లేదా నెమ్మదిగా, ఒక్కొక్క అక్షరాన్ని సాగదీసి, పలుమార్లు పిలువవచ్చును. గోలలో నిలిచిన వృద్ధునికి మాట వినిపింపదలచిన మనుమడు చేసే పని కూడా ఇదే. 2021లో ఆమోదం పొందిన వైఫై మేలుకొలుపు ప్రమాణం, 802.11బీఏ, ఈ రెండవ మార్గాన్ని అనుసరించినది. అందులో మేలుకొలుపు సంకేతం సెకనుకు 62.5 కిలోబిట్లు లేదా 250 కిలోబిట్ల వేగంతోనే నడుస్తుంది. సాధారణ వైఫై వేగంతో పోలిస్తే ఇది నత్తనడక. కావలి గ్రాహకం ఖర్చు ఒక మిల్లీవాట్‌కు లోబడి ఉండవలెనన్నది ఆ ప్రమాణకర్తల లక్ష్యం. ఒక మిల్లీవాట్‌తోనే నాణెపు ఘటం 28 రోజులలో అయిపోతుందని చూచితిమి కదా! కనుకనే కావలివాడు సైతం విడతలుగా కునుకు తీయడానికి ఆ ప్రమాణం వీలు కల్పించినది.

మరొక వైపు, అమెరికా రక్షణశాఖకు చెందిన దార్పా సంస్థ 2015లో ప్రారంభించిన ఎన్-జీరో అనే కార్యక్రమం, ఏ సంఘటన లేనప్పుడు పది నానోవాట్లకు లోబడి కాచుకొని ఉండే పరికరాలను లక్ష్యంగా పెట్టుకొన్నది. పది నానోవాట్లంటే పది మైక్రోవాట్లలో వెయ్యవ వంతు. అంత స్వల్ప వ్యయం వద్ద కావలివాని జీతం కంటె, ఘటంలో దానంతటదే జరిగే శక్తినష్టమే ఎక్కువవుతుంది.

6. కావలివాని రెండు దోషాలు

కావలివానికి రెండు దోషాలు ఉండవచ్చును. పిలుపు వచ్చినను వినకపోవడం మొదటిది. పిలుపు లేకనే తలుపు తట్టడం రెండవది. మొదటి దోషం వలన వార్త చేజారిపోతుంది. రెండవ దోషం వలన శక్తి వృథా అవుతుంది. రెండవదానిని మనం తేలికగా తీసికొనరాదు. ప్రధాన గ్రాహకం ఒక్కసారి అనవసరంగా లేచి, ఒక్క సెకను విని పడుకొంటే 0.0564 జౌల్‌లు పోతాయి. పది మైక్రోవాట్ల కావలివాని దినవెచ్చం 0.864 జౌల్‌లు. భాగించి చూస్తే, రోజుకు పదిహేను దొంగ మేలుకొలుపులు కావలివాని పూర్తి జీతానికి సమానమవుతున్నవి. అప్పుడు ఏడున్నర సంవత్సరాల ఆయువు సగానికి సగం పడిపోతుంది.

దొంగ మేలుకొలుపును తగ్గించాలంటే పిలుపులోని పేరు పొడవుగా ఉండవలెను. వాతావరణంలోని గోల బిట్టుబిట్టుకు ఒకటిగానో సున్నగానో యాదృచ్ఛికంగా వినబడుతుందని అనుకొందాము. 16 బిట్ల పేరు అనుకోకుండా కుదిరే సంభావ్యత 65,536లో ఒకటి. సెకనుకు వెయ్యి మార్లు సరిచూస్తే, సగటున 65 సెకనులకు ఒకసారి దొంగ పిలుపు వినబడుతుంది. పేరును 32 బిట్లకు పెంచితే సంభావ్యత 429 కోట్లలో ఒకటికి తగ్గి, దొంగ పిలుపు సుమారు 50 రోజులకు ఒకసారి మాత్రమే వస్తుంది. పేరు రెండింతలైనందుకు నెమ్మది అరవై అయిదు వేల రెట్లు పెరిగినది! గణితశాస్త్రాన్ని నిరుపయోగమని భావించే విద్యార్థులు ఈ లెక్కను ఒకసారి తీరికగా చేసి చూడవలెనని మా మనవి.

అయితే పేరు పొడవైనకొద్దీ దారిలో ఒక్క బిట్టు చెడినను కావలివాడు అసలు పిలుపును తిరస్కరించే ప్రమాదం పెరుగుతుంది. ఒకటి రెండు తప్పులను మన్నించుమని చెప్పితే దొంగ పిలుపులు మరల కొంత పెరుగుతాయి. ఎంత మన్నింపు ఉచితమో నిర్ణయించడంలోనే రూపకర్త వివేకం ఉన్నది.

7. మొబైల్ ప్రమాణాలలో మేలుకొలుపు

నాలుగవ తరం మొబైల్ ఫోను పని లేనప్పుడు 0.32 సెకనుల నుండి 2.56 సెకనుల వరకు, యంత్రాంగం నిర్ణయించిన వ్యవధిలో ఒకసారి లేచి, తనకు పిలుపు ఉన్నదేమో చూసుకొంటుంది. నీటి మీటర్లు, గ్యాసు మీటర్ల వంటి పరికరాలకై 2016లో రూపొందిన నారోబ్యాండ్ ఐఓటీ విధానంలో ఈ నిద్రను 10,485.76 సెకనుల వరకు, అనగా సుమారు రెండు గంటల యాభై అయిదు నిమిషాల వరకు పొడిగించవచ్చును.

ఇంత దీర్ఘనిద్రలో రెండు చిక్కులున్నవి. పరికరంలోని గడియారం పది లక్షలలో ఇరవై వంతులు తప్పుతుందనుకొంటే, ఈ వ్యవధిలో అది 0.2 సెకనుకు పైగా ముందుకో వెనుకకో జరుగుతుంది. లేవగానే ముందు కాలాన్ని సరిచేసికొనవలెను. రెండవది, ఈ మీటర్లు తరచుగా నేలమాళిగలలో, ఇనుప మూతల కింద ఉంటాయి. అక్కడికి మాట చేరడానికి యంత్రాంగం ఒకే సందేశాన్ని, అవసరమైతే, రెండువేల మార్లకు పైగా మరల మరల పంపుతుంది. పిలుపు లేదని తెలిసికొనడానికే పరికరం చాలాసేపు చెవి ఒగ్గవలసి వస్తుంది. లేని ఉత్తరం కోసం తపాలా సంచి అంతా వెదకినట్లు ఈ శ్రమ.

దీనికి పరిష్కారంగా 2018లో, మొబైల్ ప్రమాణాలలోని పదునైదవ విడతలో, మేలుకొలుపు సంకేతం ప్రవేశపెట్టబడినది. పిలుపు ఉన్న పక్షంలోనే, అసలు పిలుపుకు ముందుగా, సులభంగా గుర్తుపట్టదగిన ఒక చిన్న సంకేతం వస్తుంది. అది లేకపోతే పరికరం వెంటనే నిద్రపోతుంది. అయితే ఒక మేలుకొలుపుకు చాలా పరికరాలు లేస్తే, ఒక్కనికి వచ్చిన ఉత్తరానికి వీధి అంతా తలుపులు తీసినట్లవుతుంది. అందుచేత పదునారవ విడతలో పరికరాలను చిన్న చిన్న బృందాలుగా విభజించి, ఏ బృందానికి పిలుపో ఆ బృందాన్నే లేపే ఏర్పాటు జరిగినది.

ఇందులో ఒక భేదం గమనింపవలెను. ఇక్కడ సంకేతం కొత్తది గాని చెవి పాతదే; ప్రధాన గ్రాహకమే లేచి వింటున్నది. అయిదవ తరానికై ప్రత్యేకమైన చిన్న చెవిని కూడా చేర్చే ఆలోచన పదునెనిమిదవ విడతలో అధ్యయనం చేయబడి, పందొమ్మిదవ విడతలో ప్రమాణ రచనకు ఎక్కినది. వసతిగృహంలోని కావలివానికి ఇట్లు మొబైల్ యంత్రాంగంలో కూడా స్థానం లభించినది.

8. దేహంలోని పరికరం – దొంగ పిలుపు

ఈ విద్యకు అన్నిటికంటె గౌరవప్రదమైన ఉపయోగం వైద్యంలో కనబడుతున్నది. శరీరంలో అమర్చిన పరికరాలతో వైద్యుడు తీగలు లేకుండా మాటలాడడానికి 402 నుండి 405 మెగాహెర్ట్జ్ వరకు గల పౌనఃపున్యాలు కేటాయింపబడినవి. ఆ పరికరం 25 మైక్రోవాట్లకు మించి ప్రసరింపరాదు. వైద్యుని సంభాషణ సంవత్సరానికి కొన్ని నిమిషాలు మాత్రమే. తక్కిన కాలమంతా రేడియో నిద్రించవలెను. అందుచేత ఈ పని కోసం తయారైన కొన్ని చిప్‌లలో 2.45 గిగాహెర్ట్జ్ వద్ద బలమైన మేలుకొలుపు సంకేతాన్ని బయటినుండి పంపి లేపే పద్ధతి వాడబడినది. సంభాషణ ఒక దారిన, మేలుకొలుపు మరొక దారిన సాగుతాయి. శరీరం వెలుపలి పరికరానికి గోడలోని కరెంటు ఉన్నది కనుక, బిగ్గరగా పిలిచే భారాన్ని దానిపై వేసి, లోపలి పరికరాన్ని విశ్రాంతిగా ఉంచినారు. బలవంతుడు బరువు మోయవలెనన్న న్యాయం ఇక్కడ చక్కగా పాటింపబడినది.

కాని తలుపు తట్టగానే తెరిచే ఇంటికి దొంగభయం కూడా ఉంటుంది. పరికరంలోని రహస్యాలను దొంగిలింపనవసరం లేదు. దానిని మాటిమాటికి లేపుతూ ఉంటే చాలు, బ్యాటరీ ఖాళీ అవుతుంది. 1999లో ఫ్రాంక్ స్టజానో, రాస్ ఆండర్సన్ అనే శాస్త్రజ్ఞులు ఈ ప్రమాదానికి నిద్రకు దూరం చేసే చిత్రహింస అన్న అర్థం వచ్చే పేరు పెట్టి హెచ్చరించినారు. 2008లో అమెరికా విశ్వవిద్యాలయాల పరిశోధకులు కొందరు, గుండె లయను సరిచేసే ఒక పరికరంపై ప్రయోగశాలలో పరీక్షలు జరిపి, అధికారం లేనివారు కూడా దానితో సంభాషింపగలరనీ, తద్వారా బ్యాటరీ త్వరగా తరిగే అవకాశం ఉన్నదనీ వెల్లడించినారు.

అదే పరిశోధకులు సూచించిన నివారణ మాకు ఎంతో ఆలోచనాత్మకంగా తోచినది. పిలిచేవాడు తాను ఎవరో రుజువు చేసికొనే పరీక్షకు కావలసిన శక్తిని, రోగి దేహంలోని బ్యాటరీ నుండి కాక, పిలిచేవాని తరంగం నుండే రాబట్టుకొనవలెనని వారు ప్రతిపాదించినారు. బ్యాటరీ లేని గుర్తింపు కార్డులు చదివే యంత్రపు తరంగం నుండి శక్తిని గ్రహించి పలకడంలో ఉన్న సూత్రమే ఇది. వచ్చినవాడే దీపం తెచ్చుకొని తన ముఖం చూపవలెను. ఇంటివారు గుర్తుపట్టిన తరువాతనే తలుపు తీస్తారు. దొంగ వేయిమార్లు వచ్చినను వాని నూనెయే ఖర్చవుతుంది గాని ఇంటివారిది కాదు.

9. కళాశాల ప్రయోగశాలలో

ఈ సూత్రాలను పరిశీలించడానికి విలువైన పరికరాలు అవసరం లేదు. ఒక తీగచుట్ట, మార్చదగిన కెపాసిటర్, జెర్మేనియం డయోడ్, అధిక నిరోధం గల ఇయర్‌ఫోను ఉంటే స్ఫటిక గ్రాహకం తయారవుతుంది. మీడియం వేవ్ ప్రసార కేంద్రం సమీపంలో ఉన్నచోట, పొడవైన ఏరియల్ కడితే, బ్యాటరీ లేకుండా వినడం ఎట్లు సాధ్యమో, ఆ వినికిడికి ఎంత బలమైన తరంగం కావలెనో విద్యార్థి స్వయంగా తెలిసికొనగలడు. డయోడ్ నుండి వచ్చే వోల్టేజీతో ఒక ట్రాన్సిస్టరును తెరిపించి చిన్న దీపాన్ని వెలిగించే ప్రయత్నం చేస్తే, కావలి గ్రాహకపు మొదటి పాఠం వచ్చినట్లే.

రెండవ ప్రయోగం నిద్రను కొలవడం. ఏటీమెగా 328పీ అనే మైక్రోకంట్రోలరు 1.8 వోల్టులు, ఒక మెగాహెర్ట్జ్ వేగం వద్ద మేల్కొని ఉన్నప్పుడు 0.2 మిల్లీ ఆంపియర్లు, గాఢనిద్రలో 0.1 మైక్రో ఆంపియర్లు తీసికొంటుందని తయారీదారులు తెలిపినారు. ఈ రెండింటికి రెండువేల రెట్ల తేడా. అయితే దానిని అమర్చిన బోర్డుపై ఎప్పుడూ వెలుగుతుండే చిన్న దీపం, వోల్టేజీ నియంత్రకం ఉంటే, చిప్ నిద్రపోయినను బోర్డు నిద్రపోదు. మల్టీమీటరుతో కొలిచి, ఖర్చు ఎక్కడ జరుగుతున్నదో వెదకి, ఒక్కొక్క దానిని తొలగిస్తూ పోవడం మంచి శిక్షణ. అల్పవ్యయంతో జరిగే ఇట్టి ప్రయోగాలకు కళాశాల కమిటీ పెద్దలు ప్రోత్సాహం ఇవ్వగలరని ఆశిస్తున్నాము.

ముగింపు

బ్యాటరీని పెద్దది చేయడం ద్వారా పరికరానికి ఆయువు పోయడం అందరికీ తోచే మార్గం. దానివలన రెట్టింపో, మూడింతలో మేలు జరుగవచ్చును. ఎప్పుడు వినవలెనో, ఎవరి పిలుపుకు లేవవలెనో నిర్ణయించడం వలన, మన నాణెపు ఘటం లెక్కలో, 12 గంటల ఆయువు ఏడు సంవత్సరాలు దాటినది. ఘటం అదే, అందులోని 2,430 జౌల్‌లూ అవే. మారినదల్లా వేచియుండే పద్ధతి.

నేడు నేలలో, గోడలలో, దేహాలలో చేరుతున్న పరికరాల సంఖ్య నానాటికీ పెరుగుతున్నది. ప్రతి బ్యాటరీ ఒకనాడు తీసి పారవేయవలసినదే. కొన్నిటిని తీయడానికి మనిషి చర్మాన్ని కోయవలసినదే. మేలుకొలుపు సంకేతంలో ఒక బిట్టు ఎక్కువ పెట్టవలెనా, తక్కువ పెట్టవలెనా అని కాగితంపై లెక్క వేసే ఇంజనీరు, ఎన్నడూ చూడని ఒక వృద్ధురాలు ఎన్ని సంవత్సరాలకు ఒకసారి శస్త్రచికిత్సకు పోవలెనో కూడా అందులోనే నిర్ణయిస్తున్నాడు. మన కళాశాల నుండి రేపు ఆ లెక్కలు వేయబోయే విద్యార్థులు ఈ బాధ్యతను గుర్తెరిగి, భౌతిక, గణిత శాస్త్రాలను శ్రద్ధతో అభ్యసింతురు గాక అని కోరుతూ ఈ వ్యాసాన్ని ముగిస్తున్నాము.